పనిచేయని ఆటకు చెల్లించిన వెల

(తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సంఘ సభయందు చేయబడిన ప్రసంగము)



సంతలో కుండను కొనువాడు దానిని వ్రేలితో కొట్టి చూచి కొనును. కొబ్బరికాయను చెవి చెంతనుంచి ఊపి చూచును. చీరను కొను ఇల్లాలు మడత విప్పి, వెలుతురునకు పట్టి, నేత చూచినగాని వెల మాటాడదు. సరకును పరీక్షించి కొనుట కొనువాని హక్కని ఎవ్వరును నేర్పకయే ప్రతి తెలుగు బాలుడును నేర్చుకొనును. కాని కొట్టి చూచుటకుగాని ఊపి చూచుటకుగాని వీలులేని సరకొకటి ఈ కాలమున ఇంటింటికిని వచ్చినది. దానికి బరువు లేదు, ఆకారము లేదు, పెట్టె లేదు. వెల మాత్రము కలదు. డౌన్‌లోడు చేసికొను కంప్యూటరు ఆట అట్టి సరకు.

ఆ ఆట నడువకపోయినచో చెల్లించిన వెల తిరిగి వచ్చునా? వచ్చినచో అది అమ్మినవాని దయయా, కొన్నవాని హక్కా? ఇదియే నేటి ప్రసంగ విషయము. పిల్లల ఆటల ముచ్చట సభకెక్కవలసినదా యని పెద్దలు కొందరు తలంపవచ్చును. ఆట పిల్లలదే, వెల మాత్రము తల్లిదండ్రుల జీతములోనిది.

ఉదాహరణమునకు ఒక కుటుంబమును ఊహింపుడు. తండ్రి కేంద్రప్రభుత్వ కార్యాలయమున ఉద్యోగి. రాజమహేంద్రవరమున పుట్టి, నాగపూరున కొన్నేండ్లు పనిచేసి, బదిలీపై ఢిల్లీ చేరినవాడు. కుమారుడు పదవ తరగతి పరీక్షలో మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. ఏమి కావలెనని తండ్రి యడుగగా బాలుడు ఒక కంప్యూటరు ఆట పేరు చెప్పెను. వెల 1,500 రూపాయలు. ఆ యింటికి ఇంచుమించు నెలనాళ్ల పాలఖర్చు. తండ్రి తన కార్డుతో చెల్లించెను. ఆట రాత్రియంతయు దిగుచుండెను. తెల్లవారి బాలుడు మీట నొక్కగా తెర నల్లబడెను, ఒక ఆంగ్ల వాక్యము కనిపించెను, ఆట మూతపడెను. మరల నొక్కెను. మరల అంతే.

బాలుడు ఎవ్వరికిని చెప్పలేదు. డబ్బు దండుగ చేసితివని నాన్నగారు కోపపడుదురని భయము. ప్రతి సాయంకాలమును కొంతసేపు ఏదో మార్చి చూచుచు, తలుపు దగ్గరగా వేసికొని కూర్చుండెను. పదియవ దినమున తండ్రి, "ఏరా, ఆట ఎలా ఉంది?" అని అడుగగా నిజము బయటపడెను.

"నువ్వే ఏదో తప్పు నొక్కి ఉంటావు" అనెను తండ్రి. మరుక్షణమే, "పోనీలే. అంత పెద్ద కంపెనీవాళ్లతో మనకెందుకు? వాళ్ల నిబంధనల్లో ఏదో రాసే ఉంటుంది" అని పత్రిక చేతికి తీసికొనెను.

వంటయింటి గుమ్మమునుండి తల్లి, "ఏమండీ, కుళ్లిన కొబ్బరికాయ ఇస్తే కొట్టువాణ్ణి అడగమూ?" అని ప్రశ్నించెను.

బాలుని భయము, తండ్రి నిరాశ, తల్లి ప్రశ్న. ఈ మూడును ఇంటింట కలవు. వీనిలో చట్టము ఎవరి పక్షమున నున్నదో విచారింపవలసి యున్నది.

ముందుగా అమ్మువాని వాదమును న్యాయముగా వినవలెను. కొబ్బరికాయను తిరిగి యిచ్చినవాని చేత కొబ్బరికాయ మిగులదు. ఆటను తిరిగి యిచ్చితిననువాని కంప్యూటరులో దాని ప్రతి మిగిలియుండవచ్చును. కావున ఒకసారి దించుకొన్న ఆటకు ధనము తిరిగి యిచ్చుట ఎట్లని అంగడివారు చాలకాలము వాదించిరి. అంతేకాక, తాము అమ్మునది వస్తువే కాదనియు, ఆటను వాడుకొనుటకు అనుమతిని మాత్రమే యిచ్చుచున్నామనియు నిబంధనలలో వ్రాసికొనిరి. మొదటి వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని ఈనాడు పెక్కు ఆటలు కొన్నవాని ఖాతాకు ముడిపడి యున్నవి. ధనము తిరిగి యిచ్చిన మరుక్షణమున అంగడివారు ఆ ఆటను ఖాతానుండి తొలగింపగలరు. అందుచే ఆ వాదమునకు పూర్వమున్న బలము నేడు లేదు.

ఇక రెండవ వాదము: ఇది వస్తువా, కాదా? ఇంగ్లండుదేశపు పాత న్యాయమున, కొనువాడే జాగ్రత్త పడవలెననునది ప్రధాన సూత్రము. వ్యాపారము పెరిగి, కొనువానికి సరకును లోపలినుండి పరీక్షించు శక్తి తగ్గినకొలది ఆ సూత్రము సడలినది. భారతదేశమున 1930లో వచ్చిన వస్తు విక్రయ చట్టములోని 16వ విభాగము, వ్యాపారి వర్ణించి అమ్మిన సరకు అమ్మకమునకు తగిన నాణ్యత గలదై యుండవలెనని విధించినది. తరువాత 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చి, సామాన్యుడు సివిలు కోర్టు మెట్లెక్కనవసరము లేకుండ ప్రత్యేక వేదికల నేర్పరచినది.

కంప్యూటరులో నడచు ప్రోగ్రాము వస్తువా యను ప్రశ్నకు తెలుగునాటితో ఒక సంబంధము కలదు. సిద్ధముగా తయారుచేసి డిస్కులలో అమ్ము సాఫ్ట్‌వేరుపై 1957 నాటి ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము క్రింద పన్ను వేయవచ్చునా యను వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్లినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌వారికిని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును మధ్య జరిగిన ఆ వ్యాజ్యమున 2004లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, అట్టి సాఫ్ట్‌వేరు వస్తువే యని తీర్పు చెప్పినది. మేధస్సునుండి పుట్టినదైనను, ఒక సాధనముపై ఎక్కించి బజారులో అమ్మినపుడు అది సరకే యగునని దాని సారాంశము. ఆ తీర్పు డిస్కుకు సంబంధించినది. డిస్కులేక అంతర్జాలమున వచ్చు సాఫ్ట్‌వేరును 2017 నాటి సమీకృత వస్తు సేవల పన్ను చట్టము సేవల వరుసలో చేర్చినది.

పన్ను వేయునప్పుడు ఈ భేదము ముఖ్యము. కాని నల్లని తెర యెదుట కూర్చున్న బాలునికి దీనివలన నష్టము లేదు. వస్తువైనచో దానిలోని దోషమునకు, సేవయైనచో దానిలోని లోపమునకు వినియోగదారుల చట్టము పరిహారము చూపుచున్నది. ఏ పేరుతో పిలిచినను అమ్మినవాడు బాధ్యతనుండి తప్పించుకొనలేడు. 1986 చట్టమునకు బదులుగా వచ్చి 2020 జూలైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, ఇ-కామర్సును నిర్వచించుచు అందులో డిజిటల్ ఉత్పత్తుల క్రయవిక్రయములను స్పష్టముగా పేర్కొన్నది.

ఈ ప్రశ్నను చివరివరకు పట్టుకొని పోరాడిన కథ ఆస్ట్రేలియాలో జరిగినది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున కార్యాలయము గల వాల్వ్ అను సంస్థ 2003లో స్టీమ్ అను ఆటల అంగడిని అంతర్జాలమున ప్రారంభించినది. ఆ సంస్థవారి ఒడంబడికలో, చెల్లించిన ధనము తిరిగి యియ్యబడదని వ్రాసియుండెను. ఆస్ట్రేలియాలో 2011 జనవరి 1 నుండి అమలులోనున్న వినియోగదారుల చట్టము వస్తువు అను మాటకిచ్చిన నిర్వచనములో కంప్యూటరు సాఫ్ట్‌వేరును పేరు పెట్టి చేర్చినది. వస్తువు తగిన నాణ్యతతో నుండునను హామీని ఆ చట్టమే కొనువానికిచ్చును. దానిని ఏ ఒడంబడికయు తుడిచివేయజాలదు. కావున ఆ దేశపు పోటీ-వినియోగదారుల కమిషను 2014 ఆగస్టులో వాల్వ్ సంస్థపై ఫెడరల్ కోర్టులో దావా వేసెను.

వాల్వ్ సంస్థ ముఖ్యముగా మూడు వాదములు చేసెను. ఒడంబడిక వాషింగ్టన్ రాష్ట్రపు న్యాయమునకు లోబడినదనునది మొదటిది. తాము వస్తువును సరఫరా చేయుటయే లేదనునది రెండవది. ఆస్ట్రేలియాలో తాము వ్యాపారమే చేయుటలేదనునది మూడవది. ఆ దేశమున స్టీమ్ ఖాతాలు సుమారు 22 లక్షలు! 2016 మార్చిలో కోర్టు ఈ మూడు వాదములను త్రోసివేసెను. కమిషను చేసిన ఆరోపణలలో కొన్ని నిలువకపోయినను, ధనము తిరిగి పొందు హక్కే లేదని కొన్నవారిని తప్పుదారి పట్టించిరనునది నిలిచినది. శిక్షగా రెండున్నర లక్షల డాలర్లు చాలునని సంస్థ కోరగా, అదే సంవత్సరము డిసెంబరులో కోర్టు 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించెను. 2017 డిసెంబరులో అప్పీలు కొట్టివేయబడెను. 2018 ఏప్రిల్‌లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము కేసును విచారణకు స్వీకరించుటకు నిరాకరించెను.

అంతటితో ఆగలేదు. ఆట దించుకొనినను, లేక 14 దినములు గడచినను ధనము తిరిగి యియ్యనక్కరలేదని కొనుగోలుదారులకు చెప్పినందుకు సోనీ సంస్థకు చెందిన ప్లేస్టేషన్ అంగడి నిర్వాహకులపై 2020లో ఆ కోర్టే 35 లక్షల డాలర్ల జరిమానా వేసినది. అమ్మినవాడు ఏ దేశమున కూర్చున్నను, కొన్నవాడు నివసించు దేశపు చట్టము అతని వెంట నిలువగలదని ఈ కేసులు నిరూపించినవి.

ఇతర దేశములును ఈ దారినే నడచినవి. బ్రిటనులో 2015 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన వినియోగదారుల హక్కుల చట్టము డిజిటల్ సరకునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించినది. ఆట దోషభూయిష్టమైనచో అమ్మినవాడు మొదట సరిచేయవలెను, లేదా మార్చి యియ్యవలెను. అది తగిన కాలములో జరుగనిచో వెల తగ్గింపవలెను. ఆ తగ్గింపు పూర్తి వెల వరకు నుండవచ్చును. ఐరోపా సమాఖ్యలో 2022 జనవరి 1 నుండి వర్తించుచున్న ఆదేశమును ఇట్టిదే. దాని ప్రకారము ఒప్పందము రద్దయినచో 14 దినములలోగా ధనము తిరిగి యియ్యవలెను.

అంగడివారును కొంత మారిరి. స్టీమ్ అంగడి 2015 జూన్‌లో క్రొత్త పద్ధతిని ప్రకటించినది. కొన్న 14 దినములలోగా, ఆట నడచిన కాలము రెండు గంటలకు మించకుండ, కోరినచో కారణమేదైనను వెల తిరిగి యిచ్చెదరు. ఎపిక్ వారి అంగడి పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే. పోలండు దేశమునకు చెందిన జి.ఓ.జి. అంగడి 2020లో గడువును 30 దినములకు పెంచినది. గూగుల్ ప్లేలో కొన్నదానికి అంగడివారి నడుగు సాధారణ గడువు 48 గంటలు మాత్రమే; అది దాటినచో ఆటను తయారుచేసినవారినే అడుగవలెను.

దోషము ఎల్లప్పుడును కొన్నవాని కంప్యూటరులోనిదే యని తలంచువారికి రెండు ఉదాహరణములు. 2015 జూన్ 23న విడుదలయైన బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ నైట్ అను ఆట కంప్యూటర్లపై ఎంత దుస్థితిలో నుండెననగా, ప్రచురణకర్తలే కొలది దినములలో దాని అమ్మకమును నిలిపివేసి, అక్టోబరు చివర మరల ప్రారంభించిరి. 2020 డిసెంబరు 10న విడుదలయైన సైబర్‌పంక్ 2077 అను ఆట ప్లేస్టేషన్ 4 యంత్రములపై సరిగా నడువకపోగా, సోనీ సంస్థ వారము దాటినంతనే దానిని తన అంగడినుండి తొలగించి, కొన్నవారికి పూర్తి వెల తిరిగి యిచ్చెదమని ప్రకటించెను. ఆ ఆట 2021 జూన్‌లోగాని ఆ అంగడిలో మరల కనబడలేదు. ఈ రెండింటిని కొన్నవారిలో ఎందరో మొదట తామే ఏదో తప్పు చేసితిమని యనుకొనియుందురు.

అయినను అన్ని దోషములు ఆటవి కావు. ఉద్యోగ ప్రకటనలో కనీస విద్యార్హత వ్రాసినట్లు, ప్రతి ఆట పుటలోను కంప్యూటరునకుండవలసిన కనీస అర్హతలు వ్రాయబడియుండును. ఏ ప్రాసెసరు, ఎంత మెమరీ, ఏ గ్రాఫిక్సు కార్డు, విండోసులో ఏ సంచిక, డిస్కులో ఎంత ఖాళీ. వీనిలో ఒక్కటి తక్కువైనను ఆట నడువకపోవచ్చును. ఇండ్లలోని సామాన్య ల్యాప్‌టాపులలో ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు ఉండదు. పెద్ద ఆటలకు అది కావలెను. పాత విండోసు గలవారికి మరియొక చిక్కు: 2024 జనవరి 1 నుండి స్టీమ్ అంగడియే విండోస్ 7, 8 సంచికలపై తన మద్దతును ఉపసంహరించుకొన్నది. కొన్నిచోట్ల గ్రాఫిక్సు డ్రైవరును క్రొత్తది వేసినంతనే చిక్కు విడిపోవును.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. కనీస అర్హతలు స్పష్టముగా ప్రకటించియుండగా, అవి లేని కంప్యూటరుపై ఆట నడువనిచో దానిని ఆటలోని దోషమనుట కష్టము. అప్పుడు కొన్నవానికి ఆధారము చట్టము కాదు. అంగడివారు తమంతట ప్రకటించిన గడువు మాత్రమే. అర్హతలన్నియు నుండియు ఆట నడువనిచో, అంగడి గడువు దాటినను చట్టము అండగా నుండును. మొదటిది అంగడి ఇచ్చిన సౌకర్యము, రెండవది చట్టమిచ్చిన హక్కు. సౌకర్యము త్వరగా ఫలించును, త్వరగా ముగియును. హక్కు ఆలస్యముగా ఫలించును, కాని నిలిచియుండును.

భారతదేశమున ఆ హక్కు స్వరూపమేమి? 2019 చట్టము ప్రకారము దోషముగల వస్తువును తిరిగి తీసికొనుటకు నిరాకరించుట, లోపముగల సేవకు పుచ్చుకొన్న ధనమును బిల్లులో చెప్పిన గడువులోగాని, గడువు చెప్పనిచో 30 దినములలోగాని తిరిగి యియ్యకుండుట అనుచిత వ్యాపార పద్ధతి యగును. 2020 జూలైలో వెలువడిన ఇ-కామర్సు నియమములు, విదేశమున స్థాపింపబడి భారతదేశపు వినియోగదారులకు క్రమబద్ధముగా అమ్ము సంస్థలకును వర్తించును. ప్రతి సంస్థయు ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలుపవలెను. నెల దినములలో పరిష్కరింపవలెను.

అచ్చట పని జరుగనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును. వారు సంస్థతో సంప్రదించి కోర్టు వరకు పోకుండ పరిష్కారమునకు ప్రయత్నింతురు. అదియు విఫలమైనచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఇ-జాగృతి ద్వారా ఇంటినుండియే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షల రూపాయలకు మించనిచో రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. కారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరముల లోపున దాఖలు చేయవలెను.

కేంద్రప్రభుత్వ ఉద్యోగులకు ఇందు మరియొక విశేషము కలదు. 1986 చట్టము క్రింద ఎదుటి పక్షము ఉన్నచోటగాని వివాద కారణము పుట్టినచోటగాని ఫిర్యాదు చేయవలసి యుండెను. 2019 చట్టము, ఫిర్యాదుదారు నివసించుచోటను, ఉద్యోగము చేయుచోటను ఫిర్యాదు చేయుటకు అవకాశమిచ్చినది. నాగపూరున ఆట కొని, ఢిల్లీకి బదిలీయైన ఉద్యోగి ఢిల్లీలోనే న్యాయము కోరవచ్చును. మూడేండ్లకొకసారి మంచములు, బీరువాలు లారీకెక్కించు కుటుంబములకు ఇది చిన్న మేలు కాదు. విదేశపు సంస్థనుండి తీర్పు ప్రకారము ధనము రాబట్టుట సులభమని మాత్రము అనరాదు. తీర్పు పొందుట ఒక పని, అమలు జరిపించుట మరియొక పని. అందుచేతనే మొదటి మెట్టైన అంగడి గడువును చేజార్చుకొనరాదు.

ఇక ఆచరణలో చేయవలసినవి. కార్యాలయమున ఫైలు నడపినవారికి ఇవి క్రొత్తవి కావు.

కొనుటకు ముందే కనీస అర్హతలను ఇంటి కంప్యూటరుతో పోల్చి చూడవలెను. కొన్ననాడే ఆటను నడిపి చూడవలెను. సెలవులకని దాచినచో పదునాలుగు దినములు ఇట్టే గడచిపోవును. నడువనిచో తెరపైని సందేశమును ఫోటో తీయవలెను. ఆర్డరు సంఖ్య, తేదీ, చెల్లించిన రసీదు ఒకచోట భద్రపరుపవలెను. ఇందొక రహస్యము కలదు: ఆటను తెరచియుంచిన కాలమంతయు ఆడిన కాలముగానే లెక్కింపబడును. నల్లని తెరను చూచుచు కూర్చున్న నిమిషములును ఆ రెండు గంటలలోనివే. కావున మరమ్మతు చేయదలచినవారు ఆటను మూసివేసి చేయవలెను.

అర్జీని ఏ ఖాతాతో కొన్నారో ఆ ఖాతానుండియే, అంగడివారి సహాయ విభాగములోనే పెట్టవలెను. వారిని అడుగకుండ నేరుగా బ్యాంకువారితో చెల్లింపును రద్దు చేయింపజూచినచో అంగడివారు ఖాతానే స్తంభింపజేయవచ్చును. అందలి ఇతర ఆటలును అందుబాటులో లేకపోవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక: ధనము తిరిగి పంపెదమని ఫోను చేసి, ఓ.టి.పి.గాని యు.పి.ఐ. పిన్‌గాని అడుగువాడు మోసగాడు. ధనము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు, పిన్ చెల్లించుటకే. అట్టి మోసమునకు లోనైనచో వెంటనే 1930 అను సంఖ్యకు తెలుపవలెను.

హక్కును గూర్చి ఇంత చెప్పిన పిమ్మట ధర్మమును గూర్చి ఒక మాట చెప్పకున్న ప్రసంగము ఒంటికాలిపై నిలిచినట్లగును. ఓడ దాటువరకు ఓడమల్లన్న, దాటిన పిమ్మట బోడిమల్లన్న యను సామెత అమ్మువానికే కాదు, కొనువానికిని తగులును. రెండు గంటలలో ముగియు చిన్న ఆటలు కలవు. ఒకరిద్దరు యువకులు కూడి నెలల తరబడి శ్రమించి తయారుచేసినవి వానిలో నుండును. అట్టి ఆటను తుదివరకు ఆడి, ఆనందించి, గడువులోనే ఉన్నానని వెల తిరిగి కోరుట, హోటలులో కడుపునిండ భుజించి వంట బాగులేదని డబ్బు అడుగుటవంటిది. ఈ సౌకర్యమును దుర్వినియోగము చేయువారికి దానిని నిలిపివేయుదుమని స్టీమ్ నిబంధనలలోనే కలదు. నడువని ఆటకు వెల అడుగుట ఎంత న్యాయమో, నడచిన ఆటకు వెల చెల్లించుట అంత న్యాయము. రెండును పిల్లలకు ఒకేసారి నేర్పవలెను.

మరల ఆ యింటికి పోవుదము. పదియవ దినము. ఖాతాలో చూడగా ఆట నడచిన కాలము ఒక గంటా నలుబది నిమిషములు. గడువునకు నాలుగు దినములు, ఇరువది నిమిషములు మిగిలియున్నవి. తండ్రి పత్రిక ప్రక్కనబెట్టి, కుర్చీ జరుపుకొని కుమారుని ప్రక్కన కూర్చుండెను. కనీస అర్హతల జాబితాను ఇద్దరును వరుసగా చదివిరి. అన్నియు సరిపోయినవి. బాలుడు ఏ తప్పును నొక్కలేదు. "నిన్ను అనవసరంగా అన్నానురా" అనెను తండ్రి. బాలుని ముఖము వికసించెను. 1,500 రూపాయలు వచ్చినను అంత వికసించి యుండదు.

అర్జీని ఎట్లు వ్రాయవలెనో తండ్రికి బాగుగా తెలియును. ఇరువది యేండ్లుగా ఆయన వ్రాయుచున్నవి, చదువుచున్నవి అవియే. కాని తాను వ్రాయక కుమారునిచేత వ్రాయించెను. "ఆటను ఫలానా తేదీన కొన్నాము. మా కంప్యూటరులో మీరు ప్రకటించిన కనీస అర్హతలన్నియు ఉన్నవి. ఆట ప్రారంభముననే నిలిచిపోవుచున్నది. సందేశము ఫోటో జతపరచినాము. చెల్లించిన 1,500 రూపాయలను అదే కార్డునకు తిరిగి పంపగోరుచున్నాము." అయిదు వాక్యములు. కోపము లేదు, బ్రతిమాలుట లేదు. తల్లి చదివించుకొని విని, "ఇంతేనా? దీనికి పది రోజులు భయపడ్డావా!" అనెను.

అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని పెద్దలు చెప్పిరి. ఆ అడుగుటకు ఆధారముగా చట్టములు వచ్చినవి, కోర్టులు తీర్పులు చెప్పినవి, అంగళ్లు గడువులు ప్రకటించినవి. కాని వీనిలో ఏదియు గదిలో తలుపు వేసికొని భయపడుచు కూర్చున్న బాలుని వెదకికొని రాదు. గడియారము అతని భయమునకై ఆగదు. పాడైనదని చెప్పుటకు పిల్లవాడు భయపడని ఇంటిలోనే ఈ హక్కు బ్రతికియుండును. ఈ సభనుండి ఇండ్లకు మరలిన పిమ్మట ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు పిల్లల నొక్కసారి పిలిచి, "కొన్నది సరిగా పనిచేయుచున్నదా?" అని అడిగినచో ఈ ప్రసంగము సార్థకమగును.